గురుమూర్తి అంగడి సొరుగులు

అనంతపురం, పాతూరు
11 ఫిబ్రవరి 2003

ఎర్రన్నకు,

నీ పొట్లం కదిరి బస్సు డ్రైవరు తెచ్చి చేతికిచ్చాడు. కాలిన రెసిస్టర్లూ, చచ్చిన కండెన్సరూ చూశాను. వాటికి బదులు కొత్త సామాను ఈ ఉత్తరంతోపాటే కట్టి సాయంత్రం బస్సుకు ఇస్తున్నాను. ముదిగుబ్బ బస్టాండులో నీ అంగడి ముందర హారను కొట్టమని చెప్పాను. నువ్వు టీ తాగుతూ మరిచిపోయి పొట్లాన్ని కదిరిదాకా పోనిచ్చావంటే, తెచ్చుకునే బాధ నీది.

మొన్న శింగనమల నుంచి మెకానిక్కు రామప్ప వచ్చాడు. చేతిలో ఉత్త కాగితం, దానిమీద ఏదో నెంబరు. "కాలిన పార్టు యాడప్పా?" అంటే, "పారేసినాను శెట్టీ, నెంబరు రాసుకొచ్చినా కదా" అన్నాడు. పొమ్మన్నాను. మనిద్దరం ఉస్తాదు దగ్గర రేడియో పని నేర్చుకున్న రోజులనుంచీ నాది ఒకటే పద్ధతి. చెడిపోయిన సామాను నా చేతిలో పెట్టాలి, నేను చూడాలి, సరిపోయేది నేనే తియ్యాలి. మెకానిక్కులు రాసుకొచ్చే నెంబర్లు నమ్మితే జిల్లాలో సగం టీవీల్లో పొగలొస్తాయి. ఈ పద్ధతిని మారుమాట లేకుండా పాటించేవాడివి నువ్వొక్కడివే. అందుకే నీ పొట్లం ఇంకెవరినీ ముట్టనివ్వను. నేనే చూసి, నేనే తీసి, నేనే కడతాను.

మా అశోక్ గోల మామూలే. "నాయనా, ఇప్పుడు రేడియోలు ఎవరు బాగుచేయించుకుంటాండారు? ముందర సగం సెల్‌ఫోన్లు పెడదాం" అంటాడు. నా కొడుకే, కాదనను. కానీ వాడి కన్ను ఈ కౌంటరు మీద ఉంది. నేను నాలుగు రోజులు ఇంట్లో పడుకుంటే చాలు, సొరుగుల్లో ఉన్నదంతా పాత సామాన్లవాడికి తూకానికి వేసేస్తాడు.

రెసిస్టర్లు చేసే కంపెనీలవాళ్ళు కూడా ఈమధ్య ఒళ్ళు వంచి పనిచెయ్యడం లేదు. మీద గీతలకు మంచి రంగులే వెయ్యరు. అన్నీ మట్టి కొట్టుకున్నట్టు కనిపిస్తున్నాయి. తయారుచేసేవాడికి సిగ్గుండాలి.

ఇవన్నీ ఫోనులో చెప్పుకోవచ్చు కదా అని అశోక్ అడుగుతాడు. ఆ బస్టాండు హారన్ల మధ్య నీ గొంతు వినేకంటే ఉత్తరమే మేలు. మా లలితమ్మ మీ బయమ్మను అడిగినట్టు రాయమంది.

నీ గురుమూర్తి

ముదిగుబ్బ
26 మార్చి 2003

శెట్టికి ఎర్రన్న రాసేది.

మొన్న కూడా బస్సు హారను విన్నాను, పొట్లం అందుకున్నాను, ఆ తర్వాతే టీ తాగాను. నీకు ఏ బెంగా వద్దు.

ఆదివారం ఫైనల్ మ్యాచి నువ్వు చూసే ఉంటావు. మా వీధిలో ఎవరూ చూడలేదు. ఓబుళరెడ్డి తన టీవీని అరుగుమీదికి తెచ్చి పెట్టించాడు. ముసలీ ముతకా అందరూ చాపలు పరుచుకుని కూర్చున్నారు. అది వారం ముందు నా దగ్గర బాగుచేయించుకున్న టీవీ. ఆట మొదలై కాసేపు కూడా కాలేదు, లోపల టప్పుమని చప్పుడు, తర్వాత పొగ. "ఏమప్పా ఎర్రన్నా, ఇదేనా నీ పనితనం?" అని ఊరంతా నా మీద పడింది. కరెంటు ఎక్కువ వచ్చిందని చెప్పాను. మనవాళ్ళు ఓడిపోయారని తెలిశాక మాత్రం, "ఎర్రన్న పుణ్యాన ఆ ఏడుపు సూడకుండా తప్పించుకున్నాం" అన్నారు. ఓబుళరెడ్డి ఒక్కడే ఇంకా నాతో మాట్లాడటం లేదు. ఎదురుపడితే చొక్కా గుండీలు చూసుకుంటూ పోతున్నాడు.

నీ సామాను గురించి అనేదేమీ లేదు. అది బాగానే ఉంది.

ఈసారి పొట్లంలో కాలిన పార్టు లేదు. ఎలుక ఎత్తుకుపోయింది. కోప్పడొద్దు. నెంబరు పెద్ద పెద్ద అక్షరాలతో రాశాను, ఎలక్షన్లప్పుడు గోడలమీద రాస్తారే, అంతంత. ఈ ఒక్కసారికి నెంబరు చూసే పంపు.

పోయినేడు శెనక్కాయ పండలేదు కదా, జనం టీవీ చెడిపోయినా గుడ్డ కప్పి మూలకు పెడుతున్నారు. నాకు పని తక్కువ, ఆలోచన ఎక్కువ. నువ్వు కండ్లజోడు మార్పించుకుని ఎన్నాళ్ళయింది? ఊరికే అడిగాను.

ఎర్రన్న

అనంతపురం
9 ఏప్రిల్ 2003

ఎర్రన్నకు,

ఎలుక రెసిస్టరు ఎత్తుకుపోయిందా? మీ ముదిగుబ్బ ఎలుకలకు అంత కరువొచ్చిందా? ఇంకో నెలకు పిక్చర్ ట్యూబు కూడా ఈడ్చుకుపోతుందేమో, జాగ్రత్తగా ఉండు.

నెంబరు చూసి పంపాను గానీ నాకు తృప్తి లేదు. పార్టు చేతిలో లేకుండా సామాను ఇవ్వడమంటే, పెళ్ళికూతుర్ని చూడకుండా తాళి కట్టించినట్టు ఉంది. మళ్ళీ ఇట్లా చెయ్యకు.

కండ్లజోడు మొన్ననే మార్చాను. డాక్టరు ఏమీ లేదన్నాడు. వయసుకు తగ్గట్టుగానే ఉన్నాయన్నాడు. అయినా నా సొరుగులు నాకు చేత్తో తెలుసు. ఏ వరసలో ఏముందో కండ్లు మూసుకుని తీస్తాను.

అంగడికి వచ్చేవాళ్ళలో మర్యాద తగ్గిపోయింది ఎర్రన్నా. గార్లదిన్నె మారెప్ప తెలుసు కదా, ఒకప్పుడు కౌంటరుకు బారెడు దూరంలో నిలబడేవాడు. ఇప్పుడు నేరుగా లోపలికి వచ్చి నా వెనకాల తిరుగుతాడు. వాణ్ణి చూసి మిగతావాళ్ళూ మొదలుపెట్టారు. అరిస్తే నవ్వుతారు. అశోక్ నన్ను అడక్కుండానే కౌంటరు మీద ఇంకో ట్యూబులైటు వేయించాడు. నాకు తెలియదా, సెల్‌ఫోన్లు తళతళలాడాలని ఇప్పటినుంచే ఏర్పాట్లు.

ఓబుళరెడ్డితో నేను చెప్పానని చెప్పు, కరెంటు చేసిన తప్పుకు మెకానిక్కును అనకూడదు.

గురుమూర్తి

ముదిగుబ్బ
21 ఏప్రిల్ 2003

గురుమూర్తికి,

ఈసారి శెట్టీ అని వేళాకోళంగా పిలవబుద్ధి కాలేదు.

ఎలుక అబద్ధం. కరెంటు సంగతీ అబద్ధం. ఓబుళరెడ్డి టీవీ కాలింది నువ్వు పంపిన రెసిస్టరు వల్ల. అగ్గిపుల్ల ముక్కంత వస్తువు, దాని లెక్కంతా ఒంటిమీది రంగు గీతల్లోనే ఉంటుంది. నేను పంపినదానికి మూడు గీతలూ ఎరుపు. నువ్వు పంపినదానికి మూడోది బ్రౌను. పదింతలు తక్కువ. చూడకుండానే అతికించాను. నీ దగ్గరనుంచి వచ్చిన సరుకును మీటరు పెట్టి చూసుకునే అలవాటు నాకు ఇన్నేళ్ళలో లేదు.

తర్వాతి పొట్లం విప్పి చూశాను. అందులోనూ తప్పే. నెంబరు గోడంత రాసి పంపితే మాత్రం సరైనది వచ్చింది. అప్పుడు నాకు అర్థమైంది. ఇప్పుడు నీ పొట్లం వస్తే దారం విప్పకముందే మీటరు తీసి పక్కన పెట్టుకుంటున్నాను. ఆ పని నాకు నచ్చడం లేదు. నువ్వు లేనప్పుడు నీ ఇంట్లో సోదా చేస్తున్నట్టు సిగ్గుగా ఉంటోంది.

గురుమూర్తీ, రంగులు కంపెనీవాళ్ళ దగ్గర మాసిపోలేదు. నీకు కనిపించడం లేదు. మా పెద్దక్కకు కూడా ఇట్లాగే మొదలైంది, పచ్చచీర కట్టుకుని నల్లచీర అనేది. శుక్లాలన్నారు, ఆపరేషన్ చేయించాం, ఇప్పుడు బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నువ్వూ చేయించుకో.

ఇది రాస్తుంటే బయమ్మ పక్కనే ఉంది. "ఎందుకు రాస్తాండావు? ఆయప్ప బాధపడతాడు" అంది. బాధపడతావని నాకూ తెలుసు. తప్పు పొట్లంతోపాటు నీ మాటకున్న విలువ కూడా పోతోంది, ఈ విషయం నీకు నేను చెప్పకపోతే ఇంకెవరు చెప్తారు?

ఎర్రన్న

తిలక్ రోడ్డు, పాతూరు, అనంతపురం
29 ఏప్రిల్ 2003

శ్రీ ఎర్రన్న గారికి,

మీ ఉత్తరం అందినది. మా సరుకులో తప్పు జరిగినందుకు చింతిస్తున్నాము. శ్రీ ఓబుళరెడ్డి గారి టీవీకి కావలసిన సామానంతా ఈ పార్సిలులో పంపుతున్నాము. మీటరు పెట్టి సరిచూసుకోగలరు. ఇకమీదట మీకు కావలసినవి నమ్మకమైన వేరే అంగడిలో తీసుకోవలసిందిగా కోరుచున్నాము. మా కండ్ల గురించి తమరు శ్రమ పడనవసరం లేదు.

ఇట్లు
కె. గురుమూర్తి, ప్రొప్రైటరు

ముదిగుబ్బ
5 మే 2003

మహారాజశ్రీ గురుమూర్తి శెట్టి గారి సముఖమునకు, ముదిగుబ్బ ఎర్రన్న చేతులు కట్టుకుని రాసుకున్నది.

తమరు ఆజ్ఞాపించినట్టే మీటరు పెట్టి చూశాను. రెండు తప్పు, మిగతావన్నీ సరి. అంత కోపంలో తీసినా నీ చెయ్యి చాలా సొరుగులు తప్పలేదు. దానికి మాత్రం మెచ్చుకున్నాను. ఓబుళరెడ్డి టీవీ పలికింది, ఓబుళరెడ్డీ పలికాడు.

వేరే అంగడికి పొమ్మన్నావు. పోయాను. నిజంగానే పోయాను, గుంతకల్లులో పని పడితే ఆ దారిలోనే ఒక అంగడికి వెళ్ళాను. కౌంటరులో కుర్రాడు నా కాలిన పార్టు వైపు చూడను కూడా చూడలేదు. "నెంబరు చెప్పన్నా" అన్నాడు. చెప్పాను. ఇచ్చాడు. సరైనదే ఇచ్చాడు. కానీ నా ఊరేది, వాన పడిందా, బయమ్మ ఎట్లా ఉంది, ఒక్క మాట లేదు. అంతదూరం పోయి ఒక్క మాట లేకుండా తిరిగొచ్చాను.

ఒక్కటి అడుగుతున్నాను, కండ్లు చూపించుకోవడానికి నీ భయం దేనికి? నువ్వు కత్తికి భయపడే మనిషివి కావు. ఉస్తాదు దగ్గర షాకు కొట్టి గోడకు పడినా లేచి, ఇంకోసారి చూద్దాం అన్నవాడివి. ఉన్నదేమిటో చెప్పు. చెప్పేదాకా రాస్తూనే ఉంటాను, చించి పారేసినా సరే.

ఎర్రన్న

అనంతపురం
16 మే 2003

ఎర్రన్నకు,

నీ పేరు మళ్ళీ మామూలుగా రాశాను, చూసుకో.

డాక్టరు ఏమీ లేదన్నాడని రాశాను కదా, అది నా ఎలుక. రెండు కండ్లకూ శుక్లాలు ముదిరాయన్నాడు. కుడికంటికి నీ ముఖం కనిపించదు, మనిషి ఉన్నాడని తెలుస్తుంది, అంతే. ఎడమది కొంచెం మేలు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. లలితమ్మకు కూడా. పేపరు చదువుతున్నట్టు పట్టుకుని కూర్చుంటాను.

రెండు కండ్లూ ఒకదాని తర్వాత ఒకటి చెయ్యాలట. అయ్యేదాకా బెంగుళూరులో మా అమ్మాయి నాగజ్యోతి ఇంట్లో ఉండాలి. నెలలు పడుతుంది. ఈలోపల అంగడి? ఈ కౌంటరు ఒకసారి దిగితే నన్ను మళ్ళీ ఎక్కనివ్వరు ఎర్రన్నా. తిరిగొచ్చేసరికి గాజు అల్మారాలు, లోపల వరసగా సెల్‌ఫోన్లు, వెనకాల టై కట్టుకున్న పిల్లవాడు. వాడు నన్ను చూసి, "ఏం కావాల తాతా?" అంటాడు. నా అంగడిలో నన్ను. రోజూ పడుకునే ముందు ఆ మాటే వినిపిస్తుంది. చూపొచ్చి నేను మొదట చూసేది అదే అయితే, ఈ మసక చూపుతోనే ఉండిపోతాను.

ఇంట్లో నన్ను బాగానే చూస్తారు. వేళకు అన్నం పెడతారు, మందులిస్తారు. కానీ ఒక మనిషి కాలిన పార్టు తెచ్చి, "నువ్వే సూడు శెట్టీ" అని చేతిలో పెట్టడం ఇంట్లో ఉండదు. అది లేకపోతే నేనెవరో నాకు తెలియదు.

ఓబుళరెడ్డి టీవీ కాలింది నా వల్ల, కోపం మాత్రం నీమీద చూపించాను. అది తప్పే.

గురుమూర్తి

ముదిగుబ్బ
20 మే 2003

గురుమూర్తీ,

సోమవారం పొద్దున బస్సుకు వస్తున్నాను. నా అంగడికి తాళం వేస్తాను. వాన పడేదాకా చేలో పని లేదు, పడితే బయమ్మ చూసుకుంటానంది. నువ్వు బెంగుళూరు పో. నీ కౌంటరు మీద నేను కూర్చుంటాను. నువ్వొచ్చేదాకా ఒక్క సొరుగు కూడా కదలదు, గాజు అల్మారా గడప దాటదు. ఇన్నేళ్ళు ఆ చెక్కకు ఇవతల నిలబడి కాళ్ళు లాగాయి. అవతల కూర్చుని ఫ్యాను గాలి తినాలని నాకూ ఉంది.

ఇంట్లో చెప్పు. ముందు లలితమ్మకు చెప్పు.

ఎర్రన్న

అనంతపురం, నీ అంగడి
14 జూన్ 2003

గురుమూర్తికి,

అమ్మా నాగజ్యోతీ, మీ నాయనకు నిదానంగా చదివి వినిపించు. మధ్యలో కేకలేస్తే ఆపి, నీళ్ళిచ్చి, మళ్ళీ మొదలుపెట్టు.

ఆపరేషను బాగా జరిగిందని ఫోను వచ్చాక ఇక్కడ అందరికీ మైసూరుపాకు పంచాను. నీ కుర్చీ చాలా చెడ్డది, ఒక కాలు పొట్టి. దానిమీద ఇన్నేళ్ళు ఎట్లా కూర్చున్నావో. కౌంటరుకు ఇవతల నుంచి చూస్తే మనుషులు వేరేగా ఉంటారు. కొనేవాడిగా ఉన్నప్పుడు నాకొచ్చిన తొందరే తొందర అనుకునేవాణ్ణి. ఇప్పుడు ప్రతివాడికీ అదే తొందర. నిన్న ఆంజినమ్మ టీచరు టీవీ రిమోటు తెచ్చింది. పప్పుగిన్నెలో పడిందట, కడిగి ఎండబెట్టిందట. "పని చెయ్యలేదప్పా, కొత్తదియ్యి" అంది. విప్పితే లోపల కందిపప్పు, ఆవాలు. తుడిచి ఇచ్చాను, పలికింది. ఇంత పప్పు నాకూ పెట్టుంటే బాగుండేదని అంటే నవ్వింది.

ఇక అసలు సంగతి. మొదటిరోజే గార్లదిన్నె మారెప్ప నేరుగా లోపలికొచ్చి సొరుగు లాగాడు. "ఏమప్పా, సొంత ఇంట్లోకి వచ్చినట్టు వస్తాండావు?" అన్నాను.

"శెట్టికి కనపడదు కదన్నా. శానా దినాలుగా మేమే తీసుకుంటాండాం. ఆయప్ప ఇచ్చింది ఇచ్చినట్టు చేతిలో పెట్టుకునేది, పోతా పోతా కావాల్సింది తీసుకోని, దీన్ని ఆడ పెట్టి పోయేది."

"మరి ఆయనకు చెప్పలేదేమి?"

"చెప్తే ఇంట్లో కూచోబెడతారు. ఆయప్ప లేకపోతే ఈ అంగడికి యాల రావాల మేము?"

శింగనమల రామప్పకూ తెలుసు. అందరికీ తెలుసు. మర్యాద తగ్గిందని నువ్వు తిట్టుకున్నది వీళ్ళనే. తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే. బస్సులో వచ్చే పొట్లంలో చెయ్యి పెట్టి మార్చుకోలేను కదా.

ఎర్రన్న

బెంగుళూరు
23 జూన్ 2003

ఎర్రన్నకు,

నేను చెప్తుంటే నాగజ్యోతి రాస్తోంది. నేను చెప్పిన తిట్లు రాయనంటోంది, కాబట్టి అవి నువ్వే ఊహించుకో.

అందరికీ తెలుసా? నేను పెద్దరికంగా సొరుగులు తీసి ఇస్తుంటే, వాళ్ళు చిన్నపిల్లవాడికి ఆట ఆడనిచ్చినట్టు ఆడనిచ్చారా? మొదట ఒళ్ళు మండింది. రెండురోజులు అన్నం సయించలేదు. తర్వాత ఆలోచిస్తే, వాళ్ళకు ఈ ఊర్లో వేరే అంగడి లేక కాదు కదా. ఆ మారెప్పకు ఒకసారి టీ ఇప్పించు, నా లెక్కలో.

కుడికన్ను విప్పారు. నల్లద్దాలు పెట్టుకోమన్నారు. ఇంకో వారంలో రెండోది. కానీ నువ్వు రాసిన ఉత్తరంలో అశోక్ పేరు ఒక్కచోట కూడా లేదు. వాడి గురించి నువ్వు ఏదో దాస్తున్నావు. సొరుగులు ఖాళీ చేస్తున్నాడా? ఉన్నదున్నట్టు రాయి. ఇప్పుడు నేను వినగలను.

గురుమూర్తి

అనంతపురం
5 జూలై 2003

గురుమూర్తికి,

నిజమే, దాచాను. వాడు చెప్పొద్దని చేతులు పట్టుకున్నాడు. కానీ నీ అనుమానం చూశాక నాకు ఆ మాట నిలబెట్టుకోబుద్ధి కాలేదు.

అంగడి పైగదిలో పడుకుంటున్నాను కదా, పోయిన నెలలో ఒక పొద్దున తొందరగా కిందికి దిగాను. తలుపులు దగ్గరికి వేసి ఉన్నాయి. లోపల మీ అశోక్ నేలమీద కూర్చుని ఉన్నాడు. పక్కన సొరుగులు, ముందర స్టీలు పళ్ళెం నిండా రెసిస్టర్లు. తూకానికి వేస్తున్నాడనే అనుకున్నాను. గొంతు చించుకుని అరిచాను. "మీ నాయన ఆడ కంటికి కట్టు కట్టుకోని ఉంటే, ఈడ నువ్వు అంగడి అమ్ముతాండావా?"

వాడు లేవలేదు. "అమ్మడం లేదు చిన్నాయనా, సర్దుతాండా" అన్నాడు.

నువ్వు ఒక సొరుగులోవి ఇంకో సొరుగులో వేస్తావట. మారెప్పలాంటివాళ్ళు ఎక్కడివక్కడ వదిలేసి పోతారట. రోజూ నువ్వు పూజ చేసుకుని అంగడికి వచ్చేలోపల వాడు వచ్చి, అన్నీ ఒలకబోసి, గీతలు చూసి, ఎక్కడివక్కడ పెడతాడట. నీ చేతికి అలవాటైన చోట అలవాటైన వస్తువే దొరకాలని. ఆ ట్యూబులైటు కూడా నీకు గీతలు కనపడాలనే వేయించాడు. ఇప్పుడు నువ్వొచ్చేలోపల మిగిలినవి కూడా సరిచేసి పెట్టాలని కూర్చున్నాడు. నీ పొట్లాల్లో తప్పులు మాత్రం వాడు ఆపలేకపోయాడు, నువ్వు ముట్టనిస్తేనా?

"కండ్లు చూపించుకోమని మీ నాయనకు చెప్పొచ్చు కదరా?" అన్నాను.

"నేను చెప్తే అంగడి కోసం చెప్తాండానంటాడు. సెల్‌ఫోన్ల మాట ఎత్తిన కాణ్ణించి నాయన నన్ను నమ్మడు" అన్నాడు.

నువ్వు నమ్మలేదు గురుమూర్తీ. ఇది నీకు కష్టంగా ఉంటుందని తెలిసే రాస్తున్నాను. నీ కుర్చీని లాగేస్తాడని నువ్వు ఎవరి గురించి భయపడ్డావో, వాడే ఆ కుర్చీ కింద చెయ్యి పెట్టి పట్టుకుని ఉన్నాడు.

ఇక్కడ మంచి వాన పడింది. బయమ్మ ట్రాక్టరు పెట్టించి శెనక్కాయ విత్తించింది. "శెట్టికి చూపొస్తే ముందు మన చేను చూసిపొమ్మను" అని కబురు పంపింది.

ఎర్రన్న

బెంగుళూరు
14 జూలై 2003

ఎర్రన్న చిన్నాయనకు నాగజ్యోతి నమస్కారాలు.

నాయనకు రెండో కన్ను కూడా బాగా అయింది. మీ ఉత్తరం చదివి వినిపించాను. ఇంకోసారి చదవమన్నారు, చదివాను. తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నారు. కంట్లో తడి తగలకూడదని డాక్టరు చెప్పి ఉన్నారు, అందుకని నాకు భయమేసింది. కాసేపటికి లేచి కూర్చుని, "నాకు తెలిసిందని అశోక్‌కు చెప్పొద్దని రాయి. నేనే చెప్పుకుంటా" అన్నారు. రాస్తున్నాను.

ఆ రోజునుంచి ఇంటికి ఎప్పుడు పోదామని చిన్నపిల్లవాడిలాగా అడుగుతున్నారు.

నాగజ్యోతి

అనంతపురం
19 సెప్టెంబరు 2003

ఎర్రన్నకు,

ఈ అక్షరాలు నావి. చూసి రాస్తున్నాను. గీత మీద గీత పడటం లేదు, గమనించు.

నువ్వు ఊరికి పోయిన మర్నాడు పూజ మానుకుని పొద్దున్నే అంగడికి పోయాను. లలితమ్మ దేవుడికి ఏం సమాధానం చెప్తావంది. వచ్చి చెప్తానన్నాను. తలుపు తోసేసరికి అశోక్ నువ్వు చెప్పినట్టే నేలమీద ఉన్నాడు, ముందర పళ్ళెం. నన్ను చూసి సొరుగును వెనక్కి తోశాడు. దొంగతనం చేస్తూ దొరికినట్టు వాడి ముఖం. నా కొడుక్కి ఆ ముఖం తెప్పించింది నేనే.

ఏం చెప్పాలో బెంగుళూరునుంచి దారిపొడుగునా అనుకుంటూ వచ్చాను. తీరా వాడి ఎదురుగా నిలబడి, "ఇంక నువ్వు సర్దబల్లేదులే నాయనా, నాకు కనపడతాండాది" అన్నాను.

"ఎవరు చెప్పినారు?" అన్నాడు. "ఎర్రన్న" అన్నాను. నీమీద కోపం తెచ్చుకోలేదు, భయపడకు.

వాడి పక్కన నేలమీద కూర్చున్నాను. మోకాళ్ళు ఒప్పుకోలేదు గానీ కూర్చున్నాను. "ముందర సగం నీది. గాజు అల్మారా తెచ్చుకో, సెల్‌ఫోన్లు పెట్టుకో. నేను ఏమీ అనను" అన్నాను. వాడు పళ్ళెం పక్కకు జరిపాడు. "పెడతాలే. నువ్వు కూచునే చోటు మాత్రం కదిలించను. నువ్వు లేనన్ని దినాలు ఈడ నాకు దిక్కు తోచలేదు నాయనా" అన్నాడు. నిన్ను నమ్మకపోవడం నా తప్పురా అని చెప్పాను. ఆ మాట చెప్పడం ఆపరేషను కంటే కష్టంగా ఉండింది.

అప్పుడు వాడు పళ్ళెంలోనుంచి ఒక రెసిస్టరు తీసి నా అరచేతిలో పెట్టాడు. "ఏం రంగులో చెప్పు సూద్దాం" అన్నాడు. ఎన్నో ఏళ్ళ కిందట వాడికి నేను పెట్టిన పరీక్ష, ఇప్పుడు వాడు నాకు పెట్టాడు. ట్యూబులైటు కింద పట్టుకుని చూశాను. పసుపు, ఊదా, నలుపు అన్నాను. అంత శుభ్రమైన ఊదారంగు నేను చూసి ఎన్నాళ్ళయిందో నాకే తెలియదు.

వాడు అవునని తల ఊపి, అటు తిరిగి సొరుగు సర్దుతున్నట్టు వంగాడు. ఏడుస్తున్నాడు ఎర్రన్నా. అంతకుముందు ఎన్నిసార్లు నా ఎదురుగానే అట్లా తిరిగి ఉంటాడో. ఈసారి నాకు కనిపించింది.

గురుమూర్తి